పని మానేశాక ఎముకలో మిగిలే సీసం

(బ్యాటరీ కార్మికులు, వారి కుటుంబాల కోసం ఒక ఆదివారం ఉదయం ఏర్పాటైన సమావేశంలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంట్లో వంద పనులుంటాయి. అవన్నీ పక్కన పెట్టి వచ్చారు. అందులోనూ ఇంతమంది ఆడవాళ్లు వచ్చారు, చాలా సంతోషం. ఈ విషయం పనికి వెళ్లే మగవాళ్లకు ఎంత తెలియాలో ఇంట్లో ఉండే ఆడవాళ్లకూ అంతే తెలియాలి. ఎందుకో మధ్యలో చెబుతాను. పిల్లల్ని బయటికి పంపకండి బాబూ, కూర్చోనివ్వండి. వాళ్ల సంగతి కూడా వస్తుంది.

ముందు ఒక పెద్దాయన గురించి చెబుతాను. పేరు చెప్పను. చిన్న కిరాణా కొట్టు నడుపుకుంటూ ఉండేవారు. వయసు 54. బీపీ కోసం నా దగ్గరకు వచ్చారు. ఒక మాత్ర ఇస్తే తగ్గలేదు, రెండోది ఇచ్చాను. రెంటితోనూ తగ్గలేదు, మూడోది కలిపాను. రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ ఎక్కువగా ఉంది. అంటే కిడ్నీలు దెబ్బతింటున్నాయి. ఒంట్లో రక్తం తక్కువ. అప్పుడప్పుడూ కాలి బొటనవేలి కీలు ఎర్రగా వాచిపోయి రాత్రంతా నిద్ర ఉండేది కాదు. షుగరు లేదు. తాగుడు లేదు. మరి ఇవన్నీ ఎందుకు వచ్చినట్టు? బీపీ వల్ల కిడ్నీలు పాడయ్యాయని రాసుకున్నాను. వయసు, ఉప్పు, వంశం అని సరిపెట్టుకున్నాను. ఏడాది పాటు అలాగే చూశాను.

ఒకరోజు ఏదో కాగితం మీద సంతకం పెట్టమన్నాను. ఆయన పెన్ను తీసుకుని, ఎడమచేత్తో కుడి మణికట్టును కింద నుంచి ఎత్తి పట్టుకున్నారు. అలా పట్టుకునే సంతకం చేశారు. నాకు మనసులో ఏదో తగిలింది. "రెండు చేతులూ ముందుకు చాపండి" అన్నాను. చాపారు. ఎడమ చెయ్యి నిటారుగా నిలిచింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర కిందికి వాలిపోయింది, నీళ్లు లేని మొక్క తల వాల్చినట్టు. పైకెత్తమంటే వేళ్లు కొద్దిగా కదిలాయి కానీ చెయ్యి లేవలేదు. ఇది ఎప్పటి నుంచి అంటే, "పాతదేనండీ, పనిలో ఉన్నప్పుడే వచ్చింది. నరం బలహీనం అన్నారు" అన్నారు.

"ఏం పని?" అన్నాను.

"బ్యాటరీల పనండీ. పాత బ్యాటరీలు పగలగొట్టి ప్లేట్లు కరిగించేవాళ్లం. పంతొమ్మిదేళ్లు చేశాను. మానేసి ఎనిమిదేళ్లయింది."

ఏడాది పాటు వైద్యం చేశాను, ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. మీరేం పని చేసేవారు? ఎన్నేళ్లు చేశారు? అడిగి ఉంటే ఆయన బీపీ, ఆయన కిడ్నీలు, ఆయన బొటనవేలు, ఆయన మణికట్టు, నాలుగూ వేర్వేరు జబ్బులు కావని, అన్నిటి వెనకా ఉన్నది బ్యాటరీల సీసమేనని మొదటి రోజే తెలిసేది. ఈరోజు నేను ఇక్కడ నిలబడి మాట్లాడటానికి కారణం ఆ పెద్దాయనే.

2020 డిసెంబరు గుర్తుందా మీకు? ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు రక్తం నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయని చెప్పారు. ఆ తర్వాత నిపుణుల అనుమానం పురుగుమందుల మీదికి మళ్లింది. ఏదేమైనా ఆ వారం రోజులూ ఏ టీవీ పెట్టినా సీసమే, ఎవరి నోట విన్నా సీసమే. అప్పుడు ఒక బ్యాటరీ కార్మికుడు నాతో ధీమాగా అన్నారు: "మేం రోజూ సీసంలోనే ఉంటాం కదండీ, మాకేమీ కాలేదు." ఆ మాట విని నాకు భయం వేసింది. ఎందుకంటే పని చోట సీసం అలా నడిరోడ్డు మీద మనిషిని పడగొట్టదు. రోజుకు కొంచెం, రోజుకు కొంచెం. పదేళ్లు, ఇరవై ఏళ్లు. మనిషి నడుస్తూనే ఉంటాడు, పని చేస్తూనే ఉంటాడు, లోపల సీసం పేరుకుంటూనే ఉంటుంది.

అసలు ఒంట్లోకి ఎలా వస్తుంది? సీసపు దిమ్మెను చేత్తో పట్టుకుంటే చర్మంలోంచి లోపలికి పోతుందా? దాదాపు పోదు. వచ్చేది ముక్కు నుంచి, నోటి నుంచి. సీసం సుమారు 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అదేమంత పెద్ద వేడి కాదు, అందుకే ఎక్కడ పడితే అక్కడ కొలిమి పెట్టేస్తారు. వేడి 500 డిగ్రీలు దాటితే దాని మీద నుంచి పొగ లేస్తుంది. ఆ పొగలోని రేణువులు ఎంత సన్నవంటే ఊపిరితిత్తుల అట్టడుగుకు వెళ్లి, అక్కడి నుంచి నేరుగా రక్తంలో కలుస్తాయి. పొగ కన్నా ఎక్కువమందిని దెబ్బతీసేది దుమ్ము. ప్లేట్ల మీద ఉండే బూడిదరంగు పొడి ఉంది చూశారా, అది సీసపు ఆక్సైడు, సీసపు సల్ఫేటు. ప్లేటు విరిచినప్పుడల్లా, దులిపినప్పుడల్లా, నేల ఊడ్చినప్పుడల్లా అది లేస్తుంది.

ఆ పెద్దాయన మాట విన్న తర్వాత నేను ఒక షెడ్డు చూడటానికి వెళ్లాను. మధ్యాహ్నం పూట. రేకుల కప్పులో ఒక చిల్లు. అందులోంచి ఎండ కర్రలా లోపలికి దిగుతోంది. ఆ ఎండ పడినంత మేరా దుమ్ము మెరుస్తూ తిరుగుతోంది. పక్కన నీడలో ఏమీ కనిపించడం లేదు. నీడలో లేదా మరి? అక్కడా అంతే ఉంది, కంటికి కనిపించడం లేదు. అక్కడే గోడకు మేకులు కొట్టి అన్నం క్యారియర్లు తగిలించారు. ఒక కుర్రవాడు చేతులు ప్యాంటుకు తుడుచుకుని బీడీ వెలిగించాడు. వేళ్ల మీద పొడి బీడీకి అంటింది, బీడీ కొసన నిప్పు, ఆ నిప్పులో సీసం కాలి పొగతో పాటు లోపలికి. చిన్న కొలిమి పెదవుల మధ్య పెట్టుకున్నట్టే అది. గుట్కా, ఖైనీ నలిపి వేసుకునేవాళ్లదీ అదే కథ.

ఇంకొక మాట. పొద్దున్నే ఏమీ తినకుండా పనికి వెళ్లేవాళ్లు ఎంతమంది ఇక్కడ? చేతులెత్తండి. చూశారా, సగం హాలు. పెద్దవాళ్లు మామూలుగా మింగిన సీసంలో పదో వంతు, కొంచెం ఎక్కువ రక్తంలోకి వెళుతుంది. ఖాళీ కడుపున అయితే అంతకు కొన్ని రెట్లు వెళుతుంది. ఒంట్లో ఇనుము తక్కువైనా, కాల్షియం తక్కువైనా ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. చద్దన్నమైనా, రెండు ఇడ్లీలైనా తిని వెళ్లండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఇది జాగ్రత్తగా వినండి. రక్తంలోకి వచ్చిన సీసం అక్కడ ఎంతకాలం ఉంటుంది? నెల రోజుల్లో సుమారు సగం రక్తంలోంచి తప్పుకుంటుంది. వినడానికి బాగుంది కదా? నెలకు సగం పోతే మూడు నాలుగు నెలలు సెలవు పెడితే అంతా పోవాలి. మరి పోతోందా? కొంత మూత్రంలో పోతుంది, నిజమే. మిగిలింది ఎక్కడికి వెళుతోంది? ఎముకలోకి.

ఎముకకు కావలసింది ఏమిటి? సున్నం, అంటే కాల్షియం. సీసానికి ఒక చెడ్డ గుణం ఉంది, అది సున్నం వేషం వేసుకుంటుంది. మన శరీరం దాన్ని గుర్తుపట్టలేదు. కాల్షియం వచ్చిందనుకుని తలుపు తీసి, తీసుకెళ్లి ఎముకలో పెట్టుకుంటుంది. పెద్దవాళ్ల ఒంట్లో ఉన్న సీసంలో నూటికి తొంభై పాళ్లకు పైగా ఎముకల్లోనే ఉంటుంది. అక్కడ ఎంతకాలం ఉంటుందో తెలుసా? సగం తగ్గడానికే పదేళ్ల నుంచి ముప్పై ఏళ్లు పడుతుంది. ఇరవై ఐదేళ్లకు పని మానేసిన కుర్రవాడి ఎముకలో, అతను మనవడిని ఎత్తుకునే నాటికి కూడా ఆ సీసం కొంత ఉంటుంది.

అందుకే రక్తపరీక్ష ఒక్కటే చూసుకుని మోసపోవద్దు. రక్తంలో లెక్క ఈ మధ్య ఎంత పీల్చారో చెబుతుంది. ఇరవై ఏళ్లలో ఎంత దాచుకున్నారో చెప్పదు. ఆ పెద్దాయనకు నేను పరీక్ష చేయిస్తే పెద్దగా రాలేదు. రాదు, ఎనిమిదేళ్లయింది కదా. లెక్క తగ్గిందంటే సీసం పోయిందని కాదు, రక్తం వదిలి ఎముకలో చేరిందని.

చేరింది పోనీ, అక్కడే పడి ఉంటుంది, మనకేమిటి అనుకోవచ్చు. కానీ ఎముక రాయి కాదండీ. ఎముక రోజూ కొంచెం కరుగుతుంది, కొంచెం కొత్తగా కడుతుంది. కరిగినప్పుడల్లా కాల్షియంతో పాటు సీసమూ మళ్లీ రక్తంలోకి వస్తుంది. ఎముక ఎప్పుడు ఎక్కువగా కరుగుతుంది? కాలు విరిగి నెలల తరబడి మంచం మీద ఉన్నప్పుడు. థైరాయిడ్ ఎక్కువైనప్పుడు. ఆడవాళ్లకు ముట్లు ఆగిపోయాక. కడుపుతో ఉన్నప్పుడు, బిడ్డకు పాలిచ్చేటప్పుడు. చిన్నప్పుడు షెడ్డులో పనిచేసిన అమ్మాయి, పెళ్లయ్యాక ఆ ఛాయలకే వెళ్లకపోయినా, కడుపుతో ఉన్నప్పుడు ఆమె ఎముకలోని పాత సీసం బిడ్డకు చేరవచ్చు. కడుపులో బిడ్డకు రక్తం అందించే మాయ దాన్ని ఆపదు.

మీ రిపోర్టులో ఒక మాట ఉంటుంది, డెసిలీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు అని. అదేమిటో ఒకసారి చూద్దాం. డెసిలీటరు అంటే వంద మిల్లీలీటర్లు, ఒక చిన్న టీ గ్లాసు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. ఒకరికి 40 వచ్చిందనుకోండి. ఒంట్లో ఐదు లీటర్ల రక్తం, అంటే యాభై టీ గ్లాసులు. నలభై యాభైల రెండు వేలు. రెండు వేల మైక్రోగ్రాములు అంటే రెండు మిల్లీగ్రాములు. ఒక బియ్యపు గింజ సుమారు ఇరవై మిల్లీగ్రాములు తూగుతుంది. అంటే రక్తమంతటిలో ఉన్న సీసం కలిపితే బియ్యపు గింజలో పదో వంతు. అంత కొంచెం! అమెరికాలో సీసం పనివాళ్ల కోసం చేసిన 1978 నిబంధన ప్రకారం, రక్తంలో సీసం ఎక్కువైందని పని నుంచి పక్కకు తప్పించిన మనిషి లెక్క 40 కన్నా కిందికి దిగితే గాని తిరిగి పనిలోకి పంపకూడదు. చిన్న పిల్లల విషయంలో అక్కడి ఆరోగ్య శాఖ 3.5 వచ్చినా జాగ్రత్త పడమంటోంది. ఇంత వరకు ఫరవాలేదు అని చెప్పగల మట్టం సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మరి ఆ బియ్యపు గింజలో పదో వంతు ఏం చేస్తుంది? ముందుగా రక్తం తయారవకుండా అడ్డుపడుతుంది. మనిషి పాలిపోతాడు, మెట్లెక్కితే ఆయాసం. కడుపులో మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం. ఈ కడుపునొప్పిని ఇంకేదో అనుకుని ఆపరేషను దాకా వెళ్లినవాళ్లు ఉన్నారు. చిగుళ్ల అంచున నీలపు గీత వస్తుంది, 1840లో హెన్రీ బర్టన్ అనే వైద్యుడు దాన్ని వర్ణించాడు. ఇవి ఎక్కువ మోతాదులో కనిపించేవి. ఇవి వస్తే కనీసం డాక్టరు దగ్గరకైనా వెళతారు. నా భయం తక్కువ మోతాదు గురించి. నిద్రపట్టదు. చిరాకు. ఇంట్లో వాళ్ల మీద కారణం లేకుండా అరుస్తారు. మతిమరుపు. దాంపత్యం మీద ఆసక్తి పోతుంది, వీర్యకణాలు తగ్గుతాయి. ఇవన్నీ ఎవరితో చెప్పుకుంటారు? చెప్పుకోరు. మా ఆయన గుణమే అంత అని భార్య అనుకుంటుంది. అమ్మా, అది గుణం కాకపోవచ్చు.

ఏళ్లు గడిచాక అసలు దెబ్బ తగిలేది గుండెకు, రక్తనాళాలకు, కిడ్నీలకు. సీసం బీపీ పెంచుతుంది. కిడ్నీలోని సన్నటి నాళికలను మెల్లగా పాడుచేస్తుంది, కిడ్నీ కుంచించుకుపోతుంది. కిడ్నీతో చిక్కేమిటంటే సగం పని ఆగిపోయేదాకా మామూలు రక్తపరీక్షలో బయటపడదు. కిడ్నీ సరిగా పనిచేయకపోతే యూరిక్ ఆమ్లం బయటికి పోదు, కీళ్లలో చేరుతుంది. ఆ పెద్దాయన బొటనవేలి నొప్పి అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా 15 లక్షలకు పైగా మరణాలకు సీసం కారణం, వాటిలో ఎక్కువ భాగం గుండె, రక్తనాళాల జబ్బులే. మరణ ధ్రువపత్రం మీద ఏమని రాస్తారు? గుండెపోటు అని రాస్తారు, పక్షవాతం అని రాస్తారు. సీసం అని ఎవరైనా రాశారా? నేను ఇంతవరకు చూడలేదు. సీసపు సమ్మేళనాలకు క్యాన్సరు కలిగించే అవకాశం ఉందని కూడా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2006లోనే తేల్చింది.

ఇది బ్యాటరీ పనివాళ్ల ఒక్కరి సమస్య అనుకోకండి. ఈ హాల్లో పాత అచ్చు ప్రెస్సులో పనిచేసినవారు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, ఇద్దరు. నమస్కారమండీ. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చినవారు. అక్షరాల అరల పెట్టె ముందు నిలబడి చల్లటి అక్షరాలు పేర్చే పని కన్నా, అరిగిన అక్షరాలు కరిగించి కొత్తవి పోతపోసే చోట ప్రమాదం చాలా ఎక్కువ. అలాగే రేడియేటర్లకు టంకం వేసేవాళ్లు, పాత రంగు గీకేవాళ్లు. ఇళ్ల రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. కానీ అంతకు ముందు వేసిన తలుపులు, కిటికీలు, గేట్లు ఎక్కడికి పోతాయి? వాటిని గీకేది ఎవరు?

ఇక్కడ ఇద్దరి పేర్లు చెప్పాలి. ఒకరు ఆలిస్ హామిల్టన్. 1910 ప్రాంతంలో అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఈ డాక్టరమ్మ ఫ్యాక్టరీలు తిరిగారు, ఆస్పత్రుల రికార్డులు తిరగేశారు, కార్మికుల ఇళ్లకే వెళ్లి అడిగారు. యజమానులు ఆమెతో ఏమనేవారో తెలుసా? వాళ్లు చేతులు కడుక్కోరు, అందుకే జబ్బు అనేవారు. ఆవిడ కాదన్నారు. చేతులు కాదు, గాలి చూడండి, దుమ్ము చూడండి అన్నారు. రెండోవారు థామస్ లెగ్, 1898లో బ్రిటన్‌లో మొట్టమొదటి ఫ్యాక్టరీల వైద్య ఇన్స్పెక్టరు. ఆయన తేల్చింది కూడా అదే: పని చోట వచ్చే సీసం జబ్బంతా దుమ్ము, పొగ పీల్చడం వల్లనే, అది ఆపితే జబ్బు ఆగుతుంది. యజమాని చేయవలసినదంతా చేస్తే తప్ప కార్మికుడు తనను తాను కాపాడుకోవడానికి చేయగలిగింది దాదాపు ఏమీ లేదని కూడా అన్నారు. రంగుల్లో తెల్ల సీసాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందాన్ని తమ ప్రభుత్వం ఒప్పుకోలేదని 1926లో ఉద్యోగం వదిలేశారు. వందేళ్లయింది. ఈరోజుకీ మన దగ్గర ఎవరికైనా జబ్బు చేస్తే ముందు వినిపించే మాట ఏమిటి? "మాస్కు పెట్టుకోడండీ, చేతులు కడుక్కోడండీ." అదే మాట!

మాస్కు వద్దనడం లేదు. చేతులు, ముఖం సబ్బుతో కడుక్కోవాలి, తప్పనిసరిగా. కానీ ముక్కుకు చుట్టిన తువ్వాలు సీసపు పొగను ఆపదు. ఆపాల్సింది పుట్టిన చోట. కొలిమి మీద, ప్లేట్లు విరిచే బల్ల మీద పొగ, దుమ్ము లాగేసే గొట్టం, ఫ్యాను ఉండాలి. నేల చీపురుతో కాదు, నీళ్లతో తడిపి తుడవాలి. గాలి గొట్టంతో బట్టలు దులుపుకోకూడదు. అన్నం తినే చోటు వేరుగా, గోడ అవతల ఉండాలి. ఇవన్నీ ఖర్చుతో కూడినవి. ఆ ఖర్చు యజమానిది, కార్మికుడిది కాదు.

బెల్లం గురించి అడుగుతారని తెలుసు. చాలా చోట్ల సాయంత్రం బెల్లంముక్క ఇస్తారు, దుమ్ము కడిగేస్తుందని. కొన్ని చోట్ల గ్లాసుడు పాలు. తినండి, తాగండి. పాలల్లో కాల్షియం ఉంది, మంచిదే. కానీ బెల్లం ఊపిరితిత్తుల్లోని సీసాన్ని కడగదు. పాలు ఎముకలోని సీసాన్ని బయటికి లాగవు. పాలిస్తున్నాం కదా అని ఫ్యాను పెట్టకపోతే అది మోసం. ఇంకోటి, సెలైను ఎక్కించి సీసం తీసేస్తాం అనేవాళ్లు. సీసాన్ని పట్టుకుని మూత్రంలో పంపే మందులు ఉన్నాయి, నిజమే. లెక్క చాలా ఎక్కువైనప్పుడు ఆస్పత్రిలో, నిపుణుల దగ్గర ఇవ్వవలసినవి. అవి రక్తంలోది తీస్తాయి, కొన్ని వారాల్లో ఎముకలోంచి మళ్లీ రక్తంలోకి వస్తుంది. మందు తీసుకుంటూ అదే షెడ్డులోకి వెళ్లడం ఇంకా ప్రమాదం. కార్మికులను దుమ్ములోనే ఉంచి ముందుజాగ్రత్త అంటూ ఈ మందులు ఇవ్వడాన్ని అమెరికా నిబంధన ఏకంగా నిషేధించింది.

ఇప్పుడు ఆడవాళ్ల సంగతి. అమ్మా, ఆయన ఇంటికి రాగానే చొక్కా విప్పి ఇస్తారు. మీరు ఏం చేస్తారు? గుమ్మంలో నిలబడి ఒకసారి దులుపుతారు. దులుపుతారా లేదా? ఆ దులిపిన దుమ్ము ఎక్కడ పడింది? పక్కనే పాకుతున్న పసివాడు ఆ నేల మీదే చేతులు పెట్టి నోట్లో పెట్టుకుంటాడు. పెద్దవాళ్లు మింగిన దాంట్లో పదో వంతు అని చెప్పాను కదా, పసిపిల్లలయితే సగం దాకా రక్తంలోకి వెళుతుంది. వాళ్ల మెదడు అప్పుడే కట్టుకుంటూ ఉంటుంది. చదువు తలకెక్కదు, ఒక చోట కుదురుగా ఉండలేరు, అది పెద్దయ్యాక కూడా పూర్తిగా తిరిగి రాదు. అమెరికాలో మెంఫిస్ నగరంలో సీసం కరిగించే చోట పనిచేసినవాళ్ల పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా ఉన్నట్టు 1977లోనే బయటపెట్టారు. ఆ పిల్లలు ఫ్యాక్టరీ గేటు కూడా చూసినవాళ్లు కాదు, తండ్రి బట్టలతో పాటు ఇంటికి వచ్చింది. సెనెగల్‌లో డకార్ దగ్గర పాత బ్యాటరీల సీసం ఇళ్ల మధ్యే తీసేవారు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపల 18 మంది పిల్లలు చనిపోయారు. పద్దెనిమిది మంది.

కాబట్టి పని బట్టలు ఇంటికి రాకూడదు. పని చోటే స్నానం, పని చోటే బట్టలు మార్చుకోవడం, ఉతికే బాధ్యత యాజమాన్యానిది. అలా లేని చోట, ఆయన బయటే విప్పి సంచిలో మూటకట్టి తేవాలి. మీరు దులపకండి. అలాగే నీళ్లలో ముంచి, మిగతా బట్టలతో కలపకుండా ఉతకండి. ఆ నీళ్లు పెరటి ఆకుకూరల మడిలో పొయ్యకండి. చెప్పులు గుమ్మం బయట. పిల్లవాడిని ఎత్తుకోవడం స్నానం అయ్యాకే. ఇది చెప్పడం నాకే కష్టంగా ఉంది. రోజంతా కష్టపడి ఇంటికి వచ్చిన తండ్రి దగ్గరకు బిడ్డ పరిగెత్తుకుంటూ వస్తుంటే ఆగమనడం ఎంత కష్టమో నాకు తెలుసు.

చట్టం ఏమంటోంది? సీసం విషప్రభావం మన దేశంలో తప్పనిసరిగా తెలియజేయవలసిన వృత్తి వ్యాధి, 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచీ. దాని స్థానంలో వచ్చిన 2020 వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లోని జాబితాలో కూడా ఉంది. ఈ జబ్బు చూసిన వైద్యుడు ఫ్యాక్టరీలను తనిఖీ చేసే ప్రధాన ఇన్స్పెక్టరుకు రాయాలి. ఎంతమంది వైద్యులం రాస్తున్నాం? నాతో సహా, నిజాయతీగా చెబుతున్నాను, చాలా తక్కువ. నష్టపరిహారం ఇవ్వవలసిన జబ్బుల జాబితాలోనూ ఇది ఉంది. తన ఆరోగ్యం, భద్రతకు సంబంధించిన సమాచారం అడిగి తీసుకునే హక్కు కార్మికుడికి ఉంది, భోపాల్ గ్యాసు ప్రమాదం తర్వాత 1987లో దాన్ని పాత ఫ్యాక్టరీల చట్టంలో 111-ఏ సెక్షనుగా చేర్చారు. అయితే గాలిలో సీసం ఎంత ఉండవచ్చో మన పాత చట్టంలో ఘనపు మీటరుకు 0.15 మిల్లీగ్రాములని రాసుకున్నాం. అమెరికాలో 1978లో పెట్టింది 0.05. మూడో వంతు. మన ఊపిరితిత్తులు వాళ్ల వాటికన్నా గట్టివా? పైగా కరెంటు వాడే చోట పది మంది పనివాళ్లుంటేనే పాత చట్టం ప్రకారం అది ఫ్యాక్టరీ, కొత్త కోడ్‌లో ఇరవై మంది. రోడ్డు పక్కన ముగ్గురు నలుగురు పనిచేసే షెడ్డు ఎవరి లెక్కలోకి వస్తుంది?

పరీక్ష చేయించుకోండి అంటే మీలో చాలామంది తల వంచుకుంటారు. ఎందుకో నాకు తెలుసు. లెక్క ఎక్కువ వస్తే రేపటి నుంచి రావద్దంటారు. ఆ భయం అబద్ధం కాదు. అమెరికా నిబంధనలో నాకు బాగా నచ్చిన భాగం ఏమిటంటే, లెక్క ఎక్కువైన మనిషిని దుమ్ము లేని పనికి మార్చాలి, పద్దెనిమిది నెలల దాకా జీతం తగ్గించకూడదు. అలా ఉంటేనే మనిషి ధైర్యంగా చెయ్యి చాపి రక్తం ఇస్తాడు. మీ సంఘం యాజమాన్యంతో కూర్చున్నప్పుడు ముందు అడగాల్సింది ఇదే, వేరే పని, అదే జీతం. ఆ తర్వాతే పరీక్షల మాట.

పరీక్ష చేస్తే ఆ కాగితం మీ చేతికి ఇమ్మనండి. "బాగానే ఉంది" అన్న మాట చాలదు, అంకె కావాలి, తేదీ కావాలి. రేషన్ కార్డు పెట్టుకునే చోటే పెట్టుకోండి, పారేయకండి. మామూలుగా చేసే రక్తపరీక్షలో సీసం రాదు, విడిగా అడగాలి. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా, పంటి నొప్పికి వెళ్లినా సరే, ముందు చెప్పండి: నేను సీసంలో ఇన్నేళ్లు పనిచేశాను. ఆయన అడగకపోవచ్చు. నేను అడగలేదు కదా.

ఇక ప్రశ్నలు తీసుకుందాం. వెనక నుంచి ఒకమ్మ ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు. చెప్పండమ్మా. ...వాళ్లాయన మానేసి ఆరేళ్లయిందట, ఇప్పుడు పరీక్ష చేయిస్తే లాభమేమిటి, ఎలాగూ తీయలేరు కదా అని అడుగుతున్నారు.

ఎముకలోది తీయలేం, నిజమే అమ్మా. కానీ బీపీని తగ్గించగలం. కిడ్నీ దెబ్బతినడం ముందే తెలిస్తే నెమ్మదింపజేయగలం. ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్, మూత్రపరీక్ష, యూరిక్ ఆమ్లం చూడాలి. రక్తంలో సీసం కూడా ఒకసారి చూద్దాం, తక్కువ వచ్చినా నిశ్చింతగా ఉండకండి. ఒళ్లు నొప్పులని మందుల దుకాణంలో మాత్రలు కొని వేసుకుంటారా ఆయన? వేసుకుంటారా, రోజూనా? అది ఈరోజే ఆపించండి, ఆ మాత్రలు కిడ్నీలకు రెండో దెబ్బ. మంచం పట్టేలా కాలో చెయ్యో విరిగితే ఆస్పత్రిలో ఈ సంగతి చెప్పండి. ఆయన వచ్చారా ఇక్కడికి? బయట నిలబడ్డారా? లోపలికి రమ్మనండి, చేతులు ఒకసారి చాపి చూపించమందాం.